అమ్మమ్మ కండలు, నా పాపాలు

యెకాతిత్ నెల 16, ఆదివారం, సాయంత్రం

ఈ రోజు నుంచి ఇది మామూలు డైరీ కాదు. వైద్య చరిత్రలో ఒక పత్రం.

విషయం: ముసలితనం కోసం కండ పెంచడం.

పాల్గొనువారు: మా అమ్మమ్మ ఇటాగెన్, డెబ్బై ఎనిమిది. నేను, ఫసిల్, ఇరవై ఆరు. అమ్మమ్మ కొంచెం ఆలస్యంగా మొదలుపెడుతోంది. నేను యాభై ఏళ్లు ముందుగా మొదలుపెడుతున్నాను. బీమా ఆఫీసులో పనిచేసేవాడికి ఆ మాత్రం ముందుచూపు ఉండాలి.

కారణం: అడిస్ అబాబాలో మా పాత ఇల్లు రోడ్డు వెడల్పులో పోయింది. ప్రభుత్వం లాటరీలో ఈ ఫ్లాటు తగిలింది. నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. మెట్లకు రెయిలింగ్ కూడా ఇంకా పెట్టలేదు. సామాను మోసిన కుర్రాళ్లే అమ్మమ్మను కుర్చీలో కూర్చోబెట్టి పైకి చేర్చారు. సోఫా తర్వాత, బీరువాకు ముందు. రెండు నెలలైంది, ఆమె మళ్లీ కిందికి దిగలేదు. చర్చిలో ఏం జరుగుతోందో కిటికీలోంచి మైకులో వింటుంది.

డాక్టరు ఇంటికొచ్చి చూశాడు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమన్నాడు. లేవలేకపోయింది. కాళ్లలో కండ కరిగిపోతోందట. రోజూ ప్రోటీన్, రోజూ వ్యాయామం, లేకపోతే ఇక మంచమే అన్నాడు.

అడామాలో ఉండే మెన్బెరె పెద్దమ్మకు ఈ మాట చాలు. తనది నేలమీద ఇల్లు. ఫసికా, అంటే ఈస్టర్ పండగ కాగానే కారు వేసుకొచ్చి వాళ్లమ్మను తీసుకుపోతానని ప్రకటించింది.

అమ్మమ్మ వెళ్లనంటోంది. దానికి కారణం మేం కాదు. ఇద్దిర్. పాత పేటవాళ్ల చావు సంఘం. సభ్యుల్లో ఎవరు పోయినా మిగతా అందరూ వచ్చి డేరా వేసి, వండిపెట్టి, మూడు రోజులు కూర్చుని ఏడవాలి. పేట కూలింది కానీ సంఘం కూలలేదు. సగం మంది ఈ ఫ్లాట్లలోనే తేలారు.

"నలభై ఏళ్లు అందరి చావులకీ ఏడ్చి వచ్చాను. ఇప్పుడు అడామా పోతే నాకెవరు ఏడుస్తారు? మెన్బెరె పక్కింటివాళ్లా? వాళ్లకి నా పేరు కూడా తెలీదు" అంది అమ్మమ్మ.

న్యాయమైన ప్రశ్న. కాబట్టి పండగలోగా ఆమె తన కాళ్లతో నాలుగంతస్తులు ఎక్కాలి. రోజుకు మనిషికి మూడు గుడ్లు. పాలు. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. తర్వాత మెట్లు.

ముప్పై గుడ్లు కొన్నాను. కొట్టు ఆవిడ అన్యాయమనిపించేంత చవగ్గా ఇచ్చింది. ఎందుకో అడగలేదు. బేరం చేయడం నాకు వచ్చేసిందని మురిసిపోయాను. అమ్మ మాట్లాడకుండా ఒకేసారి పద్నాలుగు ఉడకబెట్టింది. ఇంటిల్లిపాదీ తిన్నాం. ఇంత సహకారం ఊహించలేదు.

యెకాతిత్ 17, సోమవారం

ఈ రోజు పెద్ద ఉపవాసం మొదలు. ఫసికా దాకా యాభై అయిదు రోజులు మాంసం లేదు, పాలు లేవు, వెన్న లేదు. గుడ్లు లేవు.

ఊరంతటికీ తెలిసిన సంగతి. కొట్టు ఆవిడకైతే మరీ తెలుసు.

ముందే ఎందుకు చెప్పలేదని అమ్మను అడిగాను. "డిగ్రీ చదివావు కదా, తెలిసే కొన్నావనుకున్నాను" అంది. అమ్మ స్కూల్లో టీచరు. ఇలాంటి వాక్యాలు ఆవిడ దగ్గర తయారుగా ఉంటాయి.

ముసలివాళ్లకూ జబ్బుపడినవాళ్లకూ ఉపవాసంలో సడలింపు ఉందని అమ్మమ్మకు గుర్తుచేశాను. తనకు జబ్బు లేదంది. మరి ముసలి అన్నాను. నా వైపు చూసింది. ఆ విషయం అక్కడ ముగిసింది.

మిగిలిన పదహారు గుడ్లూ రెండో అంతస్తులో ఉండే జెయ్నెబ్ అక్కకు వెళ్లాయి. వాళ్లు ముస్లింలు, వాళ్లకు ఈ ఉపవాసం లేదు.

వ్యాయామం యాప్ ఒకటి ఫోన్‌లో వేశాను. ఆరు గంటలకు లేవమంది. పొద్దుపొడుపు నుంచి లెక్కపెట్టే మన గడియారంలో ఆరంటే మిట్టమధ్యాహ్నం. నేను దేశభక్తుణ్ని. మన గడియారాన్నే పాటించాను.

యెకాతిత్ 19, బుధవారం

సిమెంటు పోసిన పెయింటు డబ్బాలు రెండు సంపాదించాను. నా డంబెల్స్. ఎత్తాను. అద్దంలో చూసుకున్నాను. వెలుతురు సరిపోలేదు.

అమ్మమ్మకు మొదటి పాఠం. కుర్చీలోంచి పదిసార్లు లేవాలని చెప్పాను.

"లేచి ఎక్కడికెళ్లాలి?"

"ఎక్కడికీ కాదు. మళ్లీ కూర్చోవాలి."

"కూర్చోడానికైతే లేవడం దేనికిరా? కూర్చునే ఉన్నానుగా."

దీనికి శాస్త్రంలో సమాధానం ఉండే ఉంటుంది. యాప్‌లో వెతికాను. లేదు.

యెకాతిత్ 22, శనివారం

పై అధికారులను కలిశాను. అంటే మా కుటుంబం పాపాలు వినే చర్చి గురువు తెక్లె అయ్యగారిని పిలిపించాను. నాలుగంతస్తులు ఎక్కి వచ్చాక ఆయన గుమ్మం పట్టుకుని రొప్పారు. చేత్తో సైగలు మాత్రం చేశారు. నీళ్లు అని అర్థమైంది.

కేసు వివరించాను. కండ, కాళ్లు, మెట్లు, అడామా, ఇద్దిర్. ఆయన దయగల మనిషి. ఇటాగెన్ గుడ్లు తినొచ్చని అక్కడికక్కడే అనుమతి ఇచ్చారు.

"మీ మాట కాదంటానా అయ్యగారూ. తప్పకుండా తింటాను. ఈ ఉపవాసం అయిపోనివ్వండి" అంది అమ్మమ్మ.

ఆయన శనగపిండి షిరో కూర తిని, ఇంజెరా అట్టు మెచ్చుకుని, దిగడం సులువే అంటూ దిగారు.

యెకాతిత్ 25, మంగళవారం

బృందంలో ఒకరికి ప్రోటీన్ అందకపోతే రెండోవాడు కూడా మానేయాలా? బీమాలో ఇలా ఆలోచించం. నష్టం ఎంత వీలైతే అంత తగ్గిస్తాం.

జెయ్నెబ్ అక్క ఇంటికి వెళ్లి ఆమ్లెట్ తిన్నాను. సాంకేతికంగా అవి నేను కొన్న గుడ్లే. మీకు ఉపవాసం కదా తమ్ముడూ అంది. వైద్య కారణాలన్నాను. నాలుగు గుడ్లు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ.

పైకొచ్చాను. అమ్మమ్మ కుర్చీలో కూర్చుని పత్తి వడుకుతోంది. తల ఎత్తలేదు. "గుడ్డు" అంది.

యెకాతిత్ 29, శనివారం

అయ్యగారి దగ్గర ఒప్పుకోలు. అమ్మమ్మ పంపింది.

గుడ్డుకు నలభై సాష్టాంగాల చొప్పున వేశారు. నిలబడాలి, మోకాళ్ల మీద వాలాలి, నుదురు నేలకు తాకించాలి, మళ్లీ నిటారుగా లేవాలి. అది ఒకటి. ఎన్ని గుడ్లని అడిగితే నిజం చెప్పాను. ఆమ్లెట్ అని ఊరుకుంటే ఒకటిగా లెక్కపడేదేమో అని మెట్ల మీద తోచింది.

శని, ఆదివారాల్లో సాష్టాంగం పెట్టకూడదు. దేవుడు మంచివాడు.

మెగాబిత్ 1, సోమవారం

దీన్నే యాప్‌లో స్క్వాట్ అంటారు. కాబట్టి ఇది ప్రాయశ్చిత్తం కాదు, కార్యక్రమంలో భాగమే. గొప్ప ఉత్సాహంతో మొదలుపెట్టాను.

పదకొండు దాకా బాగుంది. పన్నెండోదానికి నుదురు నేలకు తగిలాక అక్కడే ఉండిపోయాను. గచ్చు చల్లగా ఉంది. అమ్మమ్మ మొదట భక్తి అనుకుందట. చాలాసేపు గౌరవంగా ఊరుకుంది.

"ఉన్నావా, పోయావా?"

"ఉన్నాను అమ్మమ్మా. కాళ్లు పోయాయి."

"దేవుడికి బాకీ పెట్టుకుని గచ్చు మీద పడుకుంటావా? నా ఇంట్లోనా?"

తర్వాత జరిగింది నేను నేలమట్టం నుంచి చూశాను. ఆమె మంచం కోడు పట్టుకుంది. లేచింది. ఒక మోకాలు వంచింది, రెండోది వంచింది. నుదురు ఆనించింది. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. దగ్గరికి రావద్దని అమ్మమ్మ చెయ్యి ఊపింది. లేవడానికి ఎంతసేపు పట్టిందంటే పొయ్యి మీద కాఫీ పొంగి చల్లారింది. అలా మూడు పెట్టింది.

"ఇవి వీడి ఖాతాలో వేయమని అయ్యగారికి చెప్పండి" అని మంచమ్మీద కూలబడింది.

ఫోన్ చేసి అడిగాం. ప్రాయశ్చిత్తంలో ఇంట్లోవాళ్లు సాయం పట్టొచ్చట. పాపంలో పట్టకూడదట.

రెండు వారాలుగా ఎంత చెప్పినా వ్యాయామానికి కుర్చీలోంచి ఒక్కసారి లేవని మనిషి. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆనందం కొంత, తొడలు కొంత.

మెగాబిత్ 5, శుక్రవారం

అమ్మమ్మ: ఏడు. మంచం కోడును ఒక్క చేత్తోనే పట్టుకుంటోంది.

నేను: నడుము. ఆఫీసులో కుర్చీ సరిగ్గా లేదు. పైగా కండకు విశ్రాంతి కూడా అవసరమని యాప్ అంది. ఈ ఒక్క విషయంలో యాప్‌తో నాకు పూర్తి ఏకాభిప్రాయం.

అమ్మ నా డంబెల్స్‌లో ఒకదాన్ని తలుపుకు అడ్డం పెట్టింది. గాలికి కొట్టుకోవడం ఆగింది. రెండోదాని మీద ఇప్పుడు తులసి కుండీ ఉంది. కాఫీలో వేసుకునే తేనదామ్ ఆకు కూడా అందులోనే మొలిచింది.

మెగాబిత్ 10, బుధవారం

సంక్షోభం. నా గుడ్ల బాకీ తీరవస్తోంది. రోజూ పొద్దునా సాయంత్రం పెడుతూ అమ్మమ్మే తీర్చేస్తోంది. పాపం అయిపోతే సాష్టాంగాలు అయిపోతాయి. సాష్టాంగాలు అయిపోతే కండ అయిపోతుంది. తర్వాత అడామా.

చాలాసేపు ఆలోచించాను. వేరే దారి కనిపించలేదు. పాపం చేయడం ఇప్పుడు నా కుటుంబ బాధ్యత.

జెయ్నెబ్ అక్క ఇంట్లో రెండు గుడ్లు, ఉడకబెట్టినవి, ఉప్పు లేకుండా. ఆనందం కోసం తినలేదని దేవుడికి తెలియాలి. మర్నాడు తినాల్సింది కూడా ఈ రోజే తిన్నాను. మొత్తం నాలుగు.

అమ్మమ్మ వాసన పట్టింది. నా నోట్లో మన్నుపడ అని మొదలుపెట్టి మా నాన్నవైపు వంశం దాకా తిట్టింది. అదే ఊపులో మంచం కోడు పట్టుకోకుండా పన్నెండు పెట్టింది. కోపం కాళ్లకు మంచిదని డాక్టరు చెప్పలేదు. చెప్పాల్సింది.

మెగాబిత్ 18, గురువారం

మెట్లు మొదలుపెట్టొచ్చని నేనే అన్నాను. ఇది ఇక్కడ రాసి ఉండాలి.

మూడో అంతస్తుకు దిగింది. గోడ పట్టుకుని, నవ్వుతూ. అక్కడ నిలబడి, ఇదెవరి తలుపు, ఈ చెప్పులెవరివి అని విచారించింది. ఎక్కేటప్పుడు సగంలో మోకాలు మడతపడింది. మెట్టు మీద కూర్చుండిపోయింది. నేను లేవదీయబోయాను. లేవదీయలేకపోయాను. ఇరవై ఆరేళ్లు, రెండు డంబెల్స్.

సామాను మోసిన ఆ కుర్రాళ్లనే పిలవాల్సి వచ్చింది. అదే కుర్చీ. పక్క ఫ్లాట్లవాళ్లు తలుపులు తీసి చూశారు. అందులో ఇద్దిర్ వాళ్లు ఇద్దరు.

అమ్మమ్మ శాలువా ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగింది. ఈ రోజు సాష్టాంగాలు లేవు.

మెగాబిత్ 20, శనివారం

అమ్మమ్మ నిన్న కూడా లేవలేదు.

మెన్బెరె పెద్దమ్మ ఫోన్ చేసింది. అమ్మ స్నానంలో ఉంది. నేను ఎత్తాను. ఎలా ఉందని అడిగింది. చెప్పాను. పండగయ్యే దాకా ఆగొద్దు పెద్దమ్మా, గుడ్ ఫ్రైడే నాడే వచ్చి తీసుకెళ్లిపో అన్నాను. ఆ ఇంట్లో బుద్ధున్నవాడివి నువ్వొక్కడివే అంది.

ఎవరికీ చెప్పలేదు.

ఇది ఏ ఖాతాలో వేయాలో తెలియలేదు. గుడ్డు కాదు.

మెగాబిత్ 23, మంగళవారం

గోడ అవతల నుంచి చప్పుడు. దబ్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ దబ్.

తొంగిచూశాను. నేల మీద చాప. అమ్మమ్మ లేస్తోంది.

"గుడ్ల బాకీ అంతా తీరిపోయింది కదా అమ్మమ్మా."

"నువ్వున్నావుగా. అడ్వాన్సు" అంది.

పెద్దమ్మకు ఫోన్ చేసి వద్దని చెప్పాలనుకున్నాను. ఫోన్‌లో ఛార్జింగ్ లేదు. ఛార్జింగ్ పెట్టాక ధైర్యం లేదు.

మియాజ్యా 1, బుధవారం

పురోగతి నివేదిక.

నేను: లేదు.

యాప్ నా ఖాతాను నిద్రాణం అని ప్రకటించింది. మధ్యాహ్నం మాత్రం మోగుతూనే ఉంది. ఆఫీసులో అందరూ దాన్ని భోజనం గంట అనుకుంటున్నారు. మాట వినేవాళ్లు దానికి దొరికారు.

ఇక డైరీ రాయడాన్నే వ్యాయామంగా పరిగణిస్తున్నాను. కుడి చెయ్యి.

మియాజ్యా 10, గుడ్ ఫ్రైడే

పొద్దున్నే అమ్మమ్మ తెల్ల ఉత్తరీయం కప్పుకుని గుమ్మం దగ్గర నిలబడింది. "చర్చికి" అంది. అమ్మ కుర్రాళ్లను పిలుస్తానంది. "నన్ను ఇంకోసారి ఆ కుర్చీలో పెడితే దాంతోపాటే పాతిపెట్టండి" అంది అమ్మమ్మ. తర్వాత గోడ పట్టుకుని దిగడం మొదలుపెట్టింది. ఒక్కో మెట్టుకు రెండు కాళ్లూ. నేను ఒక మెట్టు కింద, వెనక్కి నడుస్తూ దిగాను. పడితే నా మీద పడాలని. నేను ఆగుతానని కాదు.

చర్చి ఆవరణలో నేల కనిపించలేదు, మనుషులే. సాయంత్రం దాకా తిండి లేదు, నీళ్లు లేవు, సాష్టాంగాలే. పాత పేటవాళ్లు అమ్మమ్మను చూసి తమ మధ్య చోటిచ్చారు. బతికే ఉన్నావా ఇటాగెన్ అంది ఒకావిడ. మీ చావులు చూడకుండా పోతానా అంది అమ్మమ్మ. ఆమె ఎన్ని పెట్టిందో నేను లెక్కపెట్టలేదు. నావి నేను లెక్కపెట్టాను, చెప్పను.

తిరిగి వచ్చేసరికి ఫ్లాట్ల ముందు పెద్దమ్మ కారు. అమ్మ ముందే పైకి వెళ్లింది, కారణం కనుక్కోవడానికి. నాకు కారణం తెలుసు కాబట్టి అమ్మమ్మతో ఉన్నాను.

మొదటి అంతస్తు. రెండో అంతస్తు. జెయ్నెబ్ అక్క బయటికి పీట తెచ్చి వేసింది. అమ్మమ్మ కూర్చుని ఆమె పిల్లల పేర్లన్నీ అడిగింది. మళ్లీ లేచింది.

మూడో అంతస్తు దాటి సగం మెట్ల దగ్గర ఆగింది. అదే మెట్టు. కాలు ఎత్తబోయింది. రాలేదు. గోడకు ఆనుకుని, మెల్లగా జారి, కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. నా కాళ్లు నా అనుమతి అడగలేదు.

పైనుంచి పెద్దమ్మ గొంతు వినిపిస్తోంది. బట్టలు సర్దారా అని అమ్మను అడుగుతోంది.

"ఇంత తొందరగా ఎందుకొచ్చింది ఇది?" అంది అమ్మమ్మ. ఆమె నా ముఖం చూసింది. వాసన పట్టినట్టే చూసింది.

"ఫసిల్. అయ్యగారికి చెప్పనిది ఏమైనా ఉందా?"

"ఉంది."

"గుడ్డా?"

"కాదమ్మమ్మా. పెద్దమ్మను రమ్మన్నది నేనే. నువ్వు ఎక్కలేవనుకున్నాను."

కింద ఎవరో పిల్లాణ్ని పిలుస్తున్నారు. అమ్మమ్మ ఉత్తరీయం అంచుతో ముఖం తుడుచుకుంది.

"ఎన్ని వేస్తారు దీనికి?"

"తెలీదు. గుడ్డుకే నలభై."

"దీనికి అంతకన్నా తక్కువ ఉండదు" అంది. గోడ మీద అరచెయ్యి ఆనించింది. "లే. ఇక్కడ పెట్టడానికి చోటు లేదు. పైకెళ్లి పెడదాం."

లేచింది. ఒక మెట్టు. రెండు కాళ్లూ. ఇంకో మెట్టు. నేను వెనకాల ఎక్కాను, చేతుల సాయం కూడా తీసుకున్నాను.

గుమ్మంలో పెద్దమ్మ. వాళ్లమ్మను చూసి, వెనకాల కుర్చీ కోసం చూసి, మళ్లీ వాళ్లమ్మను చూసింది.

"ఎవరు మోసుకొచ్చారమ్మా?"

"వీడి పాపాలు" అంది అమ్మమ్మ. "నీకెంతసేపు పట్టింది ఎక్కడానికి?"

పెద్దమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది. రెండో అంతస్తులో చెప్పులు విప్పి అదే పీట మీద చాలాసేపు కూర్చుందని జెయ్నెబ్ అక్క తర్వాత చెప్పింది.

అమ్మమ్మ చాప వేయమంది. ఒక్కటి పెట్టింది. నుదురు చాప మీద ఆనించి కొంచెం ఎక్కువసేపే ఉంది. లేచి మంచమ్మీద కూర్చుని పెద్దమ్మతో చెప్పింది. ఇది నలభైలో ఒకటి. మిగతావి తీరేదాకా తను ఎక్కడికీ కదలడానికి వీల్లేదు. ఈ పొద్దుతో సాష్టాంగాలు బంద్. పండగ తర్వాత యాభై రోజులు పెట్టకూడదు కదా. అవయ్యాక చూద్దాం.

"ఆ తర్వాత వస్తావా మరి?" అంది పెద్దమ్మ.

అమ్మమ్మ నా వైపు చూసింది. "ఈలోపు వీడు ఇంకేదో ఒకటి చేస్తాడులే."

పెద్దమ్మ సర్దిన సంచీ తనే విప్పింది. ఇంతగా నన్ను ఎవరూ ఎప్పుడూ నమ్మలేదు.

మియాజ్యా 12, ఆదివారం, ఫసికా

కోడి కూర. మనిషికో గుడ్డు. అమ్మమ్మ తన గుడ్డు కళ్లు మూసుకుని తింది. అయ్యగారు భోజనానికి వచ్చారు. ఊపిరి అందాక పండగ శుభాకాంక్షలు చెప్పారు. పెద్దమ్మ రేపు ఒంటరిగా అడామా వెళ్తోంది. వెళ్లేముందు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచే ప్రయత్నం చేస్తూ వంటింట్లో అమ్మకు దొరికిపోయింది.

పరిస్థితి సమీక్షించాను. ఇన్నాళ్లూ వ్యాయామం ఉంది, గుడ్లు లేవు. ఇక యాభై రోజులు గుడ్లు ఉన్నాయి, సాష్టాంగాలు లేవు.

మియాజ్యా 13, సోమవారం

ఈ రోజు నుంచి మళ్లీ మొదలు. ఈసారి పద్ధతి ప్రకారం.

విషయం: ముసలితనం కోసం కండ పెంచడం.

పాల్గొనువారు: నేను.

తులసి కుండీ దించి డంబెల్ స్వాధీనం చేసుకున్నాను. రోజుకు మూడు గుడ్లు. ముప్పై కొనాలి. పండగ కదా, కొట్టు ఆవిడ మూడింతలు చెబుతోందని విన్నాను. అయినా వెనకాడను. ఈ పేజీ పూర్తికాగానే కిందికి దిగుతాను.

తర్వాత. యాప్ మోగింది. ఆరు. ఎండ నడినెత్తిన ఉంది. లేచాను.

అమ్మమ్మ మంచం ఖాళీ. ఎక్కడికెళ్లిందని అమ్మను అడిగాను.

"గుడ్లకి" అంది అమ్మ. "నీకు బేరం చేయడం రాదంది."